హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో పొర: ముందు అది ఏ చివర పేరుకుందో చూడండి

తిరుపతిలో బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ కాయిల్ విప్పితే తెల్లని సున్నపు గార కనిపిస్తుంది. అది చూస్తూ పెరిగిన మన వైపు కుర్రవాళ్లు, భూమిలోకి ఆవిరి పంపి చిక్కని ముడిచమురు తీసే ప్లాంట్లలో ఆపరేటర్లుగా చేరినప్పుడు, అక్కడి హీట్ ఎక్స్‌ఛేంజర్ల (ఒక ప్రవాహం నుంచి మరో ప్రవాహానికి వేడిని మార్చే పరికరాల) గొట్టాల్లో ఏ పొర కనిపించినా సున్నమేనని యాసిడ్ తెప్పిస్తారు. చమురుతో పాటు పైకి వచ్చే నీటిలో సున్నమే కాక, వేడికి ఇసుకరాయి నుంచి కరిగిన సిలికా, విడిపోకుండా మిగిలిన చమురు తుంపరలు కూడా ఉంటాయి. ఆ నీటినే శుద్ధి చేసి మళ్లీ ఆవిరిగా మారుస్తారు కనుక ఈ మూడింటినీ వేరుచేసి గుర్తించడం తప్పనిసరి.

లక్షణం: ప్రవాహం మారకపోయినా ఉష్ణ మార్పిడి తగ్గుతుంది. పీడన నష్టం కూడా బాగా పెరిగితే గొట్టాలు పూడుకుపోతున్నాయని, అది పెద్దగా పెరగకపోతే పలుచని పొర పట్టిందని అనుమానించాలి. అయితే ముందుగా థర్మామీటర్లూ ఫ్లో మీటర్లూ సరిగా చూపుతున్నాయో లేదో తేల్చుకోండి.

కారణం: నీరు వేడెక్కే కొద్దీ కాల్షియం కార్బొనేట్ కరిగే శక్తి తగ్గుతుంది, సిలికా విషయంలో చల్లబడే కొద్దీ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 120 మిల్లీగ్రాముల అస్ఫటిక (స్ఫటికంగా మారని) సిలికా కరిగితే, 100 డిగ్రీల దగ్గర దాదాపు మూడు రెట్లు కరుగుతుంది. కాబట్టి వేడి చివర పేరుకున్నది సున్నం కావచ్చు, చల్లని చివర పేరుకున్నది సిలికా కావచ్చు.

నేను పనిచేసిన ఒక ప్లాంటులో చలికాలం రాత్రుల్లో కూడా ఎయిర్ కూలర్ (గొట్టాల్లోని వేడి నీటిని గాలితో చల్లార్చే పరికరం) ఫ్యాన్లు ఎండాకాలపు వేగంతోనే తిరిగేవి. బయటికి వచ్చే నీటి ఉష్ణోగ్రత సరిగానే ఉన్నట్లు కనిపించేది, కాని అంచు గొట్టాల గోడలు మరీ చల్లబడేవి. తెరిచి చూస్తే ఆ గొట్టాల్లోనే గోధుమరంగు జిగురు, వేలితో తుడిస్తే వచ్చేసేంత మెత్తగా ఉంది. మరుసటి రోజుకు ఆరి గాజు పెంకులా బిగుసుకుంది. పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే సున్నంలా పొంగలేదు.

పరిష్కారం: ఫ్యాన్ల వేగం తగ్గించి గోడ ఉష్ణోగ్రత పడిపోకుండా చూడాలి, గొట్టాల్లో నీటి వేగం సెకనుకు 1 మీటరు కంటే తగ్గనివ్వకూడదు. సిలికాకు చమురు జిడ్డు తోడైతే పొర మరింత త్వరగా అంటుకుంటుంది కనుక నీటి నుంచి చమురును వేరుచేసే స్కిమ్ ట్యాంకు, ఫ్లోటేషన్, ఆయిల్ ఫిల్టర్ బ్యాక్‌వాష్ (ఎదురు ప్రవాహంతో కడగడం) కూడా వెంటనే చూడాలి. పొర మెత్తగా ఉండగానే వేడి కాస్టిక్ సోడా ద్రావణంతో కడగాలి. ఆరిపోయాక అధిక పీడన నీటి జెట్ తప్ప మార్గం ఉండదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం సిలికాను కరిగిస్తుంది, కానీ ఎముకల దాకా హాని చేసే ఆ విషాన్ని శిక్షణ లేని చేతులకు ఇవ్వడం నేను ఎప్పటికీ ఒప్పుకోను.

వేడి చివర, అంటే ఆవిరి జనరేటరు గొట్టాల్లో గట్టి పొర కనిపిస్తే, సాధారణంగా సాఫ్ట్‌నర్ (నీటిలోని కాల్షియం, మెగ్నీషియం తీసే పరికరం) దాటి కాఠిన్యం లీకవుతున్నట్లు. కాఠిన్యాన్ని పట్టే రెజిన్ పూసల పునరుజ్జీవనం సరిగా జరుగుతోందా, సున్నంతో నడిచే సాఫ్ట్‌నర్‌లో మెగ్నీషియం ఆక్సైడ్ మోతాదు, అడుగున ఉండే బురద పొర సరిగా ఉన్నాయా అని చూడాలి. సిలికా ఆ సున్నపు సాఫ్ట్‌నర్‌లోనే పట్టుబడుతుంది. ఈ జనరేటర్లు నీటిలో సుమారు 80 శాతాన్ని ఆవిరి చేసి 20 శాతాన్ని ద్రవంగానే వదులుతాయి, అందువల్ల లోపలికి వెళ్లిన లవణాలు అయిదు రెట్లు చిక్కబడతాయి: లీటరుకు 50 మిల్లీగ్రాముల సిలికా 250 అవుతుంది.

ఆవిరి కాకుండా మిగిలిన ఆ నీటిని కూడా తిరిగి ఫీడ్‌లో (జనరేటరుకు పంపే నీటిలో) కలిపి నీటి పొదుపు పెంచుకున్నప్పుడు, సాఫ్ట్‌నర్ తీయలేని క్లోరైడు ప్రతి చుట్టులోనూ పెరుగుతుంది. కాబట్టి రీసైకిల్ శాతం మార్చిన రోజు నుంచి ఫీడ్ క్లోరైడును రోజూ కొలిచి, అది ప్లాంటు పరిమితిని దాటబోతుంటే కొంత నీటిని బయటికి వదిలి దానికి బదులు కొత్త నీరు చేర్చండి.