పీస్ నదిలో గాలింపు: సకశేరుక శిలాజాలు ఏరుకునే విధానం

ఫ్లోరిడాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు వెనిస్ సముద్రతీరానికి వెళ్లి, పిల్లలతో కలిసి ఇసుకలో సొరచేప పళ్లు ఏరి, సీసాలో పోసి ఇంటికి తెచ్చుకున్నవారే. ఆ సరదా అక్కడితో తీరక, ఏనుగు పన్నో గుర్రపు పన్నో కూడా దొరికితే బాగుండునని అనుకునేవారు నది వైపు రావాలి. టాంపా నుంచి కారులో సుమారు గంటన్నర దూరంలో, వాచులా, జోల్ఫో స్ప్రింగ్స్, ఆర్కేడియా ఊళ్ల పక్కగా పారే పీస్ నది కొత్తవారికి అన్నిటికంటే అనువైన చోటని నా అభిప్రాయం. నీరు లోతు తక్కువ, పనిముట్లు చవక, పైగా ఉత్త చేతులతో తిరిగి రావడమనేది అరుదు.

ఈ నదికి ఇంత పేరు ఎలా వచ్చిందో తెలిస్తే, దొరికినదాన్ని అర్థం చేసుకోవడం తేలికవుతుంది. 1881లో అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగానికి చెందిన కెప్టెన్ లెబరాన్ ఈ నదిలో ఫాస్ఫేటు గులకలను గుర్తించాడు. ఆ తరువాత ఎరువుల కోసం మొదలైన గనుల తవ్వకాలలో లెక్కలేనన్ని ఎముకలు బయటపడడంతో ఈ ప్రాంతానికి బోన్ వ్యాలీ, అంటే ఎముకల లోయ, అనే పేరు స్థిరపడింది. మంచు యుగానికి ముందటి మయోసీన్, ప్లియోసీన్ యుగాలలో, అంటే లక్షల, కోట్ల ఏళ్ల కిందట, సముద్రం ఈ నేలను పలుమార్లు ముంచెత్తినప్పుడు మెగలడాన్ వంటి సొరచేపలు, సముద్రపు ఆవులనే నీటి క్షీరదాలు ఇక్కడ ఉండేవి. చాలా కాలం తరువాత, మంచు యుగంలో సముద్రమట్టం 100 మీటర్లకు పైగా పడిపోయి ఫ్లోరిడా ఇప్పటికంటే దాదాపు రెండింతలు వెడల్పుగా ఉన్నప్పుడు, ఇదే చోట ఏనుగు జాతికి చెందిన మామత్‌లు, గుర్రాలు, లామాలు మేశాయి. నది ఈ రెండు కాలాల పొరలనూ కోసి, ఆ ఎముకలన్నిటినీ ఒకే గులకలో కలిపేసింది. కనుక జల్లెడలో మెగలడాన్ పన్ను, దాని పక్కనే మామత్ పన్ను ముక్క కనిపించినంత మాత్రాన అవి ఒకే కాలానివని అనుకోరాదు; వాటి మధ్య లక్షల సంవత్సరాల అంతరం ఉంటుంది.

నీటిలో దిగే ముందు అనుమతి పత్రం తీసుకోవాలి. ఫ్లోరిడాలో రాష్ట్ర భూములలోనూ, రాష్ట్రానికి చెందిన నదీగర్భంలోనూ ఉన్న సకశేరుక శిలాజాలపై హక్కు గేన్స్‌విల్‌లోని ఫ్లోరిడా ప్రకృతి చరిత్ర మ్యూజియానికి ఉంటుంది. ఫోటో ఉన్న గుర్తింపు పత్రపు నకలుతో దరఖాస్తు చేస్తే, చాలాకాలంగా 5 డాలర్లుగా ఉన్న రుసుముకు, ఏడాదిపాటు చెల్లే అనుమతి ఇస్తారు. సొరచేప పళ్లకు, మొక్కల శిలాజాలకు, వెన్నెముక లేని జీవుల శిలాజాలకు ఈ అనుమతి అక్కరలేదు. మన పూజగదుల్లోని సాలగ్రామం గండకీ నదిలో దొరికే అమ్మోనైటు శిలాజమే కాబట్టి, ఇక్కడి చట్టం ప్రకారం అది ఆ చివరి కోవలోకి వస్తుంది. ఎముక అయితే మాత్రం, అది వేలెడంత తాబేలు చిప్ప ముక్కైనా సరే, అనుమతి ఉండాల్సిందే.

అనుమతి ఉన్నా చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మోటారుతో నడిచే పనిముట్లు వాడకూడదు. ఒడ్డును తవ్వకూడదు, గట్టు కోసుకుపోవడం ఒక కారణమైతే, ఒడ్డు చాలాచోట్ల ప్రైవేటు ఆస్తి కావడం మరొకటి. రాష్ట్ర పార్కులలో ఏమీ ఏరకూడదు. రాతి బాణపు మొనలు, కుండ పెంకులు వంటి మనిషి చేసిన వస్తువులు కనిపిస్తే వాటిని అక్కడే వదిలేయాలి, ఎందుకంటే వాటికి వర్తించే చట్టం వేరు, ఈ అనుమతి వాటికి చెల్లదు. ఫ్లోరిడా దాటి పశ్చిమ రాష్ట్రాలకు విహారయాత్రకు వెళ్లేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి: 2009 నాటి సమాఖ్య చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వ భూములలో సకశేరుక శిలాజాలను పరిశోధకులకిచ్చే అనుమతి లేకుండా ఎవరూ తీయకూడదు.

నదికి వెళ్లే కాలం నవంబరు నుంచి మే వరకు. వానాకాలంలో నీరు పెరిగి, రంగు మారి, అడుగు కనిపించదు. వరద ఉద్ధృతి కూడా ఉంటుంది. బయలుదేరే ముందు అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఇంటర్నెట్‌లో ఉంచే జోల్ఫో స్ప్రింగ్స్, ఆర్కేడియా నీటిమట్టాలను చూసుకొని, మోకాలు నుంచి నడుము లోతులో నిలబడి పనిచేయగలిగితేనే వెళ్లాలి. జోల్ఫో స్ప్రింగ్స్‌లోని పయొనీర్ పార్కు నుంచి గాని, ఆర్కేడియాకు ఎగువన ఉన్న బ్రౌన్‌విల్ పార్కు నుంచి గాని నదిలోకి దిగవచ్చు. నదిలో మొసళ్ల జాతికి చెందిన ఆలిగేటర్లు ఉంటాయన్నది నిజమే. తెల్లవారుజామున, సంధ్యవేళ నీటిలో ఉండకపోవడం, లోతైన మడుగుల దగ్గరకు పోకపోవడం, పిల్లలను చేయి అందేంత దూరంలో ఉంచుకోవడం అనే మూడింటిని పాటిస్తే సాధారణంగా ఇబ్బంది రాదు. ఎండాకాలపు వెచ్చని నీటిలో తల ముంచకూడదు, ముక్కులోకి నీరు పోనీయకూడదు. అరుదుగానైనా ప్రాణం తీసే అమీబా అందులో ఉండవచ్చు. ఉరుము వినబడితే వెంటనే ఒడ్డెక్కాలి.

పనిముట్లు మూడే. పొడవైన పిడి ఉన్న పార ఒకటి, నాలుగడుగుల ఇనుప చువ్వ ఒకటి, జల్లెడ ఒకటి. జల్లెడ కోసం చెక్క చట్రానికి పావు అంగుళం కన్నుల ఇనుప వల బిగించి, చుట్టూ ఈతకొలనుల్లో పిల్లలు పట్టుకొని తేలే స్పాంజి కడ్డీలను కడితే అది నీటిపై తేలుతూ మీ పక్కనే ఉంటుంది. కొందరు దీని మీద అర అంగుళం కన్నుల జల్లెడను మరొకటి పెట్టి, పెద్ద రాళ్లను పైనే ఆపుతారు. అది మొదటి రోజే అవసరం లేదు.

అసలు విద్య చువ్వలో ఉంది. శిలాజాలు ఇసుకలో ఉండవు, గులకలో ఉంటాయి. ఆ గులక చాలాసార్లు ఇసుక కింద దాగి ఉంటుంది. చువ్వను నిలువుగా గుచ్చినప్పుడు ఇసుకలో మెత్తగా దిగిపోతుంది, బంకమట్టిలో పట్టేసుకుంటుంది, గులకను తాకితే మాత్రం గరగరమని అరచేతికి తెలుస్తుంది. ప్రవాహం వేగం తగ్గే చోట్ల, అంటే నది వంపు లోపలివైపున, పడిపోయిన చెట్ల దిగువన, సున్నపురాతి మెట్ల కింద ఇటువంటి గులక పోగుపడుతుంది. దొరికిన తరువాత పైనున్న ఇసుకను తీసేసి, బంకమట్టి తగిలేదాకా తవ్వాలి. బరువైన ముక్కలు గులక అడుగున, బంకమట్టికి ఆనుకొని చేరతాయి కాబట్టి, పైపైన నాలుగు పారలు ఎత్తి ఇక్కడేమీ లేదని వెళ్లిపోయేవారు సరిగ్గా మంచిది ఉన్నచోటనే ఆపేస్తారు.

జల్లెడను మూడోవంతుకు మించి నింపవద్దు. అమ్మమ్మలు బియ్యం గాలించినట్టే, నీటిలో ఉంచి నెమ్మదిగా తిప్పుతూ మట్టిని వదిలించి, పైకెత్తి, అంచు నుంచి మధ్యకు చూస్తూ రావాలి. రాళ్లన్నీ నల్లగానే ఉంటాయి, పళ్లూ నల్లగానే ఉంటాయి. అందుకే రంగును నమ్ముకోకుండా ఆకారాన్ని, మెరుపును వెతకాలి. పన్ను మీది పింగాణీ పొర తడిసినప్పుడు రాయికి లేని నిగనిగతో వెలుగుతుంది; రెండు వైపులా సమానంగా ఉన్న అంచులు గులకరాయికి ఉండవు. బియ్యంలో రాళ్లు ఏరిన కన్ను దీనికి రెండు మూడు జల్లెడలలోనే అలవాటుపడుతుందని మా ఇంట్లో నిరూపణ అయింది. మొదటిసారి మాతో వచ్చిన మా అత్తగారు, ఎముకలను ఇంట్లోకి తేవద్దని దారంతా చెబుతూనే వచ్చి, గంట తిరగకుండా నాకంటే రెట్టింపు పళ్లు ఏరారు. వెళ్లే ముందు తవ్విన గుంతలను పూడ్చాలి. వెనుక వచ్చేవారు నీటి అడుగున ఉన్న గుంతను చూడలేరు.

ఇక దొరికినదేమిటో గుర్తించడం. అన్నిటికంటే ఎక్కువగా దొరికేది సముద్రపు ఆవు పక్కటెముక: వంగిన, నున్నని, బరువైన ముక్క, విరిగిన చోట చూస్తే లోపల మజ్జకు ఖాళీ లేకుండా గట్టిగా ఉంటుంది. కొత్తవారు దీన్ని ఏనుగు దంతమని పొరబడతారు. సొరచేప పళ్లలో పులి సొరచేపది ఒకవైపు గంటు పడి, కోడిపుంజు జుట్టులా వంగి ఉంటుంది. హెమిప్రిస్టిస్ అనే మరో సొరచేప పన్ను అంచున పెద్ద రంపపు పళ్లు ఉంటాయి. మెగలడాన్ పన్ను త్రిభుజాకారంలో మందంగా ఉండి, వేరుకూ పింగాణీ పొరకూ మధ్య ముదురు పట్టీ కనిపిస్తుంది. సొరచేప అస్థిపంజరం మృదులాస్థి కావడం వల్ల అది సాధారణంగా మిగలదు, కాని జీవితకాలంలో అది వేల పళ్లను రాలుస్తుంది.

గుర్రపు దవడ పన్ను పొడవుగా, పలకలుగా ఉండి, నమిలే ఉపరితలం మీద పింగాణీ మెలికలు తిరిగిన గీతలా కనిపిస్తుంది; బైసన్, జింకల పళ్ల మీద అవే గీతలు నెలవంకల్లా ఉంటాయి. మామత్ పన్ను మన ఏనుగు పన్నుకు దగ్గరి బంధువు. పలుచని పలకలను వరుసగా నిలబెట్టి అతికించినట్టు ఉంటుంది కాబట్టి విడిపోయిన ఒక పలక మాత్రమే దొరకడం మామూలు. ఏనుగుకు దూరపు బంధువైన మాస్టొడాన్ పన్ను అలా కాక, ఆకులు, కొమ్మలు నమలడానికి తగినట్టు జంటలు జంటలుగా గుట్టల్లా లేచి ఉంటుంది. తాబేలు చిప్ప ముక్కల అంచులు బట్ట కుట్టినట్టు వంకరటింకరగా ఉంటాయి. నాకు అన్నిటికంటే ముద్దొచ్చేది, ఆర్మడిల్లోకు బంధువై ఒళ్లంతా కవచమున్న గ్లిప్టోడాంట్ అనే జంతువు కవచపు బిళ్ల: నడుమ ఒక గుండ్రని పలక, దాని చుట్టూ చిన్న పలకలు, ఎవరో ముగ్గు వేసినట్టు ఉంటుంది.

అది శిలాజమా, మొన్న చచ్చిన ఆవు ఎముకా అన్న అనుమానం తరచుగా వస్తుంది. రంగు ముదురుగా ఉండడం, ఆకారానికి మించిన బరువు, రెండు ముక్కలను తాకించినప్పుడు పింగాణీ గిన్నెల్లాంటి చప్పుడు రావడం శిలాజ లక్షణాలు. ఇంకా తేలకపోతే, ఇంటికి వచ్చాక కనిపించని మూల ఎర్రగా కాల్చిన సూది మొన ఆనించండి. కొత్త ఎముక వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, శిలాజం సాధారణంగా వేయదు. నాలుకకు అంటించి చూసే పాత పద్ధతి ఒకటుంది గాని, ఈ నది నీటిని తలచుకుంటే దాన్ని సిఫారసు చేయలేను.

నేను మొదట్లో చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒకే రోజున రెండు చోట్ల తవ్వి, దొరికినవన్నీ ఒకే బకెట్‌లో వేసుకున్నాను. వాటిలో అరుదైన చిన్న జంతువు దవడ ముక్క ఒకటుందని నెలల తరువాత ఒక నిపుణుడు చెప్పి, ఎక్కడ దొరికిందని అడిగారు. నదిలో అన్న మాట తప్ప చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పటి నుంచి ఒక్కొక్క చోటికి ఒక్కొక్క జిప్ సంచి వాడుతున్నాను. నీటికి చెదరని కాగితం మీద పెన్సిలుతో తేదీ, ఫోన్ చూపించే అక్షాంశ రేఖాంశాలు, గులక లోతు, ఏరినవారి పేరు రాసి సంచిలోనే పెడుతున్నాను. ఇంట్లో ప్రతి ముక్కకూ ఒక సంఖ్య ఇవ్వాలి. ఎముక మీద కనిపించని చోట, అసిటోన్‌లో కరిగే పారలాయిడ్ బి-72 అనే పారదర్శక రెసిన్ ద్రావణం చిన్న పూతగా వేసి, అది ఆరిన తరువాత నల్ల సిరాతో ఆ సంఖ్యను రాసి, మీద మరో పూత వేస్తే, అవసరమైనప్పుడు అసిటోన్‌తో తుడిచి ఎముకకు హాని లేకుండా తీసేయవచ్చు. అదే సంఖ్యను నోటుపుస్తకంలో వివరాల పక్కన రాసుకోవాలి.

నది నుంచి తెచ్చిన పళ్లు, గట్టి ఎముకలు నీడలో ఆరితే చాలు. ఎండలో పెడితే పగులుతాయి. మామత్ దంతం (నోటి బయటికి పెరిగే కొమ్ము) ముక్క, పెచ్చులూడుతున్న ఎముక మాత్రం వేగంగా ఆరకూడదు. వాటిని తడిగుడ్డలో చుట్టి, సంచిలో మూతి కొద్దిగా తెరిచి ఉంచి, రోజుల తరబడి నెమ్మదిగా ఆరనివ్వాలి. పూర్తిగా ఆరిన తరువాత 100 మిల్లీలీటర్ల అసిటోన్‌లో 5 నుంచి 10 గ్రాముల పారలాయిడ్ బి-72 కరిగించిన ద్రావణాన్ని కుంచెతో పట్టిస్తే ఎముక బిగుస్తుంది. ఈ పనిని గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. వార్నిష్, ఇంట్లో వాడే జిగురు వద్దు. ఒకసారి పడితే మళ్లీ వదలవు. సముద్రతీరంలో దొరికిన వాటిని ముందు మంచినీటిలో నానబెట్టి, పలుమార్లు నీరు మార్చి ఉప్పు వదిలించాలి.

ఒకదాని పక్కన ఒకటిగా, శరీరంలో ఉన్న వరుసలోనే ఎముకలు కనిపిస్తే, లేదా పుర్రె బయటపడితే, పార పక్కన పెట్టి ఫోటోలు తీసి మ్యూజియానికి తెలియజేయండి. 1983లో టాంపా అఖాతం దగ్గర లీసీ షెల్ పిట్‌లో మంచు యుగపు ఎముకల పొరను గుర్తించిన ఫ్రాంక్ గార్సియా ఔత్సాహికుడే. ఫ్లోరిడాలోనే ఉన్న మాంట్‌బ్రూక్ శిలాజ స్థలంలో తవ్వకం మొదలైంది కూడా 2015లో ఒక చిన్నపిల్ల తాతగారి పొలంలో ఎముకలు చూడడంతోనే. సెలవులకు ఇండియా వెళ్లి గోదావరి, ప్రాణహిత పరిసరాలలో తిరిగేవారు కూడా ఇదే పద్ధతి పాటించాలి. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామనపల్లి దగ్గర దొరికినదే. అక్కడ ఎముకలాంటిది కంటపడితే కదపకుండా ఫోటో తీసి, చోటు గుర్తుపెట్టుకొని, భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెప్పడం వరకే మన పని.

అనుమతి గడువు ముగిసేటప్పుడు ఆ ఏడాది దొరికిన సకశేరుక శిలాజాల జాబితాను, దొరికిన చోట్లతో సహా, మ్యూజియానికి పంపాలి. సంచుల్లో కాగితాలు ఉన్నవారికి ఇది ఒక సాయంత్రపు పని. పేరు తెలియనివాటికి ఊహించి పేరు పెట్టకుండా ఫోటో జతచేయండి. మ్యూజియానికి ఏదైనా కావలసి ఉంటే 60 రోజులలోపు అడుగుతుంది; అడగకపోతే అవి మీ దగ్గరే ఉంచుకోవచ్చు. మా ఇంట్లో అలా మిగిలినవి ఇప్పటికీ గరాజులోని అలమరలోనే ఉంటున్నాయి, ఒక్క గ్లిప్టోడాంట్ బిళ్ల తప్ప. దాన్ని మా అత్తగారే హాల్లోకి తెచ్చిపెట్టారు.