పదహారేళ్ల కుర్రాడి వేషం కట్టే ముందు

ముప్పై ఎనిమిదేళ్ల వయసులో నాకు పదహారేళ్ల కుర్రాడి పాత్ర వచ్చింది. పరీక్ష తప్పిన సంగతి ఇంట్లో దాచి, మూడు రోజులు తండ్రి కంటపడకుండా తిరిగే పిల్లవాడు. ఇలాంటి పాత్ర రాగానే మీసం తీసేయడం, గొంతు సన్నం చేయడం, గంతులు వేస్తూ నడవడం మనకు తోచే మొదటి ఉపాయాలు. దయచేసి వాటి జోలికి పోకండి. పదహారేళ్లవాడు తాను పిల్లవాడినని అనుకోడు. పెద్దవాడిలా కనిపించడానికి నానా తంటాలు పడతాడు. నటుడు పట్టుకోవలసింది ఆ తంటానే. అది మన సొంత పదహారో ఏట వెతికితేనే దొరుకుతుంది.

ముందుగా ఒక నోటుబుక్కు పెట్టుకోండి. అందులో భయం, సిగ్గు, బెంగ అనే మాటలు రాయకండి. వస్తువులే రాయండి. నా మొదటి పేజీలో ఉన్నవి ఇవి: పిన్నీసు గుచ్చి బిగించిన హవాయి చెప్పు, అమ్మ వేరే రంగు బొత్తాం కుట్టిన చొక్కా, గోవిందరాజస్వామి గుడి వీధిలో కొన్న దువ్వెన. ఆ దువ్వెన గురించి రాస్తుండగానే నా కుడిచేయి దానంతట అదే వెనక జేబు తడుముకుంది. ఇరవై ఏళ్లుగా చేయని పని అది. వస్తువును పిలిస్తే ఒళ్లు వెంట వస్తుంది. భావాన్ని పిలిస్తే ముఖం మాత్రమే వస్తుంది.

తరువాత, ఆ వయసులో తిరిగిన చోటికి అదే వేళకు వెళ్లండి. నేను తెల్లవారుజామున అలిపిరి వెళ్లాను. కొండకు 3550 మెట్లు. గాలిగోపురం దాకా బాగా నిటారు. పదో తరగతి ఫలితాల ముందు స్నేహితుడితో పందెం వేసుకుని ఎక్కిన దారి అది. సగం ఎక్కేసరికి నాకు గుర్తొచ్చింది ఆయాసం కాదు, ఆయాసాన్ని దాచుకున్న తీరు. వాడు తిరిగి చూసినప్పుడల్లా నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసేవాడిని, చెప్పు సరిచేసుకునే నెపంతో వంగేవాడిని. నాటకంలో కుర్రాడు పరుగెత్తుకొచ్చి గుమ్మంలో తండ్రిని చూసే ఘట్టానికి ఇదే తీసుకున్నాను. అక్కడ ఇంకేమీ నటించడం లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది సాక్షిని అడగడం. దీన్ని చాలామంది వదిలేస్తారు, నేనూ వదిలేశాను. మా తిరుపతిలో మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఒక రోజు ఒంటికి తెల్లని నామం సుద్ద, ఒక రోజు కుంకుమ, ఒక రోజు బొగ్గు పూసుకుని వేషాలు వేస్తారు. మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. నాకు జ్వరం తగ్గాలని అమ్మ మొక్కింది. పదిహేనో ఏట అక్క చీర కట్టుకుని గుడికి వెళ్లాను. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయానని ఇన్నాళ్లూ నమ్మాను. ఆ సిగ్గునే వారం రోజులు రిహార్సల్లో వాడాను. దృశ్యం కదల్లేదు. చివరికి అక్కను అడిగాను.

"సిగ్గా? చీకటి పడినా చీర విప్పనని మొండికేశావు కదరా. పూలు వాడిపోయాయని ఇంకో మూర కొనిపించుకున్నావు" అంది.

కాలేజీలో ఎవరో ఆ సంగతి ఎత్తి నవ్విన తరువాత నాలో చేరిన సిగ్గు అది. దాన్ని వెనక్కి తీసుకెళ్లి ఆ పిల్లవాడికి తగిలించాను. వాడు మాత్రం ఆ రోజు అమ్మవారి ముందు తల ఎత్తుకు నిలబడ్డాడు. అందుకే జ్ఞాపకాన్ని వేదిక మీదికి తెచ్చే ముందు అక్కనో, అత్తనో, పాత స్నేహితుడినో అడగండి. వాళ్లు చెప్పింది మీకు నచ్చకపోతే ఇంకా శ్రద్ధగా వినండి.

ఇక ఏ జ్ఞాపకాన్ని ముట్టుకోకూడదో కూడా తెలియాలి. నటుల సొంత జ్ఞాపకాల మీద ఎంతో పని చేసిన అమెరికన్ గురువు లీ స్ట్రాస్‌బర్గ్ కూడా కనీసం ఏడేళ్లు గడిచిన అనుభవాలనే వాడమనేవారు. 1934లో అమెరికన్ నటి స్టెల్లా ఆడ్లర్ పారిస్‌లో రష్యన్ నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీని కలిసి వచ్చి, ఆయన నటుడి సొంత జ్ఞాపకాల కన్నా పాత్ర ఉన్న పరిస్థితికీ, చేసే పనికీ ఎక్కువ విలువ ఇస్తున్నారని చెప్పారు. స్ట్రాస్‌బర్గ్‌కూ ఆడ్లర్‌కూ మధ్య వాదం పెద్దది. నేను ఆడ్లర్ వైపే, కానీ ఏడేళ్ల నియమాన్ని వదలను.

మా నాన్న పోయి మూడేళ్లే అయింది. తండ్రి ఎదుట నిలబడే ఆఖరి దృశ్యంలో ఆయన ముఖాన్ని తెచ్చుకోను. తండ్రి వేషం వేసే నటుడి చేతికి సైకిలు తాళంచెవి ఇమ్మని దర్శకుణ్ణి అడిగాను. నేను దాన్నే చూస్తాను. అది గలగలమనగానే నా చేయి వెనక జేబులోని మార్కుల కాగితం మీదికి వెళుతుంది.