చాట్‌బాట్ రాసిన ప్రకటన తేడాగా ఉందా? ముందు పాత చాట్ మూసెయ్యండి

చాట్‌బాట్‌తో ప్రకటన రాయించడం మీకు వచ్చనే అనుకుని మొదలుపెడుతున్నా. రాయించింది ఎందుకు తన్నేస్తోందో చూద్దాం.

సమస్య: ఏ షాపుకైనా అతికే ప్రకటన వస్తోంది

"నాణ్యతకు మారుపేరు", "మీ నమ్మకమే మా పెట్టుబడి" లాంటివి. కారణం మీరే. "మా ఆవకాయకి మంచి యాడ్ రాయి" అంటే మీ జాడీలో ఏముందో దానికెలా తెలుస్తుంది? ఏ కాయ, ఏ నూనె, ఎప్పుడు పట్టారు, అరకిలో ఎంత, ఎక్కడికి పంపుతారు, ఆర్డర్ ఎలా ఇవ్వాలి: ఇవి రాసివ్వండి. "గానుగ నువ్వుల నూనె, గుంటూరు కారం, వెల్లుల్లి వెయ్యలేదు" అని ఇస్తే, ఆ చివరి ముక్క ఒక్కటే కొందరి చేత ఫోన్ చేయిస్తుంది. ఈ పని చెయ్యకుండా "చాట్‌బాట్ వేస్ట్ అండీ" అనేవాళ్లతో నాకు ఓపిక అయిపోయింది.

సమస్య: డబ్బింగ్ సీరియల్ తెలుగు

"మీ భోజనానికి రుచిని జోడించండి" అని వచ్చిందంటే మీరు వివరాలు ఇంగ్లీషులో ఇచ్చి ఉంటారు. ఫోన్‌లో కస్టమర్‌కి ఎలా చెబుతారో అలాగే తెలుగులో ఇవ్వండి. టైపింగ్ బద్ధకమైతే మైకు నొక్కి మాట్లాడండి. వచ్చింది పైకి చదవండి, నోరు తిరగని వాక్యం కొట్టేయండి.

సమస్య: మీరు చెప్పని మాట ప్రకటనలో దూరింది

నా చెయ్యి కాలింది ఇక్కడే. దసరాకి ఒక చీరల షాపు ప్రకటన చేశాను, అందులో క్యాష్ ఆన్ డెలివరీ ఉంది. సంక్రాంతికి అరిసెలు, సకినాలు చేసి అమ్మే ఒకావిడ పని వచ్చింది. అదే చాట్‌లో కూర్చున్నా, కొత్తది తెరవడానికి బద్ధకించి. మొదటి డ్రాఫ్ట్ శుభ్రంగానే ఉంది. "ఇంకొంచెం హుషారుగా", "ఇంకా చిన్నగా" అని అయిదుసార్లు తిప్పాను. అయిదోదాంట్లో చివరి లైన్‌గా క్యాష్ ఆన్ డెలివరీ వచ్చి కూర్చుంది. నేను పై రెండు లైన్లే చూసి పంపేశా. సాయంత్రానికి ఆవిడ ఫోన్: "తమ్ముడూ, డబ్బులు తర్వాత ఇమ్మని నేనెప్పుడన్నాను?" కొన్ని పార్సిళ్లు వెనక్కొచ్చాయి. ఆ అరిసెల డబ్బు నేనే కట్టాను. తిన్నదీ నేనే అనుకోండి.

చాట్‌బాట్‌ని "క్యాష్ ఆన్ డెలివరీ తీసెయ్" అంటే తీసేసింది. రెండు డ్రాఫ్టుల తర్వాత మళ్లీ పెట్టింది. ఎందుకంటే మీరు మెసేజ్ పంపిన ప్రతిసారీ అది చాట్‌ని మొదటి నుంచీ ముందు పెట్టుకునే జవాబు రాస్తుంది. చీరల షాపు ఆఫరూ అందులోనే ఉంది, మీ తిట్లూ అందులోనే ఉన్నాయి. "తీసెయ్" అన్న వాక్యంలో కూడా ఆ మాట ఉందిగా!

అందుకని ఒక షాపుకి ఒక చాట్. ఒకే షాపైనా పండగ మారితే కొత్త చాట్. మూడు నాలుగు సార్లు తిప్పాక కూడా నచ్చకపోతే అక్కడే పోట్లాడకండి. ఉన్నవాటిలో మంచి డ్రాఫ్ట్‌నీ అసలు వివరాలనూ కాపీ చేసి కొత్త చాట్‌లో పెట్టండి. అయినా పాత సంగతులు వస్తుంటే సెట్టింగ్స్‌లో మెమరీ చూడండి, కొన్ని చాట్‌బాట్లు ఒక చాట్‌లో విన్నది ఇంకో చాట్‌లోకి మోసుకొస్తాయి. పంపేముందు ధర, తేదీ, ఆఫర్, డెలివరీ ఒక్కొక్కటీ మీరిచ్చిన కాగితంతో టిక్కు పెట్టుకోండి. చివరి లైన్ నుంచి మొదలెట్టండి.

అరుదుగా వచ్చేవి

హెడ్‌లైన్ పట్టట్లేదా? గూగుల్ సెర్చ్ యాడ్‌లో హెడ్‌లైన్‌కి 30 క్యారెక్టర్లు, డిస్క్రిప్షన్‌కి 90. చాట్‌బాట్ లెక్క నమ్మకండి. మన కంటికి ఒక్క అక్షరమైన "స్త్రీ" యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్ అక్షరాలు దాచుకునే పద్ధతిలో, 6 క్యారెక్టర్లు. యాడ్ ఫారంలోనే పేస్ట్ చేసి చూసుకోండి.

"షుగర్ తగ్గిస్తుంది" అని రాసిందా? ఆలోచించకుండా కొట్టేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలిసారే 10 లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు.

బొమ్మలో తెలుగు ఒత్తులు విరిగిపోతున్నాయా? బొమ్మ మాత్రం దానిచేత గీయించి, అక్షరాలు మీరు పెట్టుకోండి.