ఉతికి వాడుకునే ఎయిర్ ఫిల్టర్ సంరక్షణ

విజయవాడ వేసవి దుమ్ములో నిత్యం తిరిగే కారుకు నూలు గాజుగుడ్డ ఫిల్టర్ వేయించినవారు, తయారీదారు చెప్పిన దూరం పూర్తయ్యేదాకా ఆగకుండా మధ్యలోనే ఒకసారి తీసి చూడడం మంచిది. పైదుమ్మును మెత్తని బ్రష్‌తో దులిపి, దానికోసమే అమ్మే క్లీనర్‌ను రెండు వైపులా చల్లి, సుమారు 10 నిమిషాలు నాననిచ్చి, అది ఆరకముందే ఇంజిన్ వైపు నుంచి బయటికి సన్నని ధారతో కడగాలి. ఎదురు వైపు నుంచి కడిగితే మురికి పోగుల్లోకి మరింత దిగుతుంది. పెట్రోలు వాడకూడదు. ఆటోనగర్‌లో గాలి గొట్టం చేతికందినా దానితో ఊదించవద్దు, గుడ్డ దెబ్బతింటుంది. నీడలో పూర్తిగా ఆరాకే ప్రతి మడతపైనా ఫిల్టర్ నూనెను పలుచగా వేసి, 20 నిమిషాలు ఆగి, తెల్లగా మిగిలినచోట మాత్రమే మళ్లీ పట్టించాలి. ఓపిక అవసరమయ్యేది ఇక్కడే: నూనె ఎక్కువైతే గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సారుపై పేరుకోవచ్చు, తక్కువైతే సన్నని దుమ్ము ఇంజిన్‌లోకి పోతుంది. బిగించాక రబ్బరు అంచు అంతటా సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి.