కొట్టు లోగోతో డెస్క్‌టాప్ ఐకాన్: ఏ సాఫ్ట్‌వేర్, ఏ ఫైలు?

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు బిల్లింగ్ షార్ట్‌కట్‌కైనా, బెజవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపు ఫోల్డర్‌కైనా ఐకాన్‌గా పెట్టడానికి చేతిలో ఉండే లోగో మామూలుగా విజిటింగ్ కార్డు కోసం కోరల్‌డ్రాలో చేయించినదే. దాని వాట్సాప్ జేపీజీతో మొదలుపెట్టకండి. జేపీజీలో పారదర్శకత ఉండదు కాబట్టి ఐకాన్ వెనక తెల్ల చదరం మిగిలిపోతుంది. డీటీపీ సెంటర్‌లో అసలు ఫైలు తెరిపించి, అక్షరాలను కంట్రోల్ క్యూతో కర్వ్స్ (ఫాంటు అక్కర్లేని గీతలు) చేయించి, స్క్రీన్‌కు వాడే ఆర్‌జీబీ రంగుల్లో ఎస్‌వీజీగా (ఎంత పెంచినా చెదరని గీతల ఫైలుగా) ఇమ్మనండి. కర్వ్స్ మరిచారో, డీటీపీలో వాడే అను తెలుగు ఫాంట్లు లేని కంప్యూటర్‌లో కొట్టు పేరు పిచ్చి గుర్తులుగా కనిపిస్తుంది.

గీయడానికి ఇంక్‌స్కేప్ చాలు, ఉచితం. విండోస్‌కు కావలసింది ఐకో (.ico) ఫైలు. అది ఒక బొమ్మ కాదు, ఒకే బొమ్మ రకరకాల సైజుల్లో ఉండే సంచి. కనీసం 16, 32, 48, 256 పిక్సెళ్లు పెట్టండి. స్క్రీన్ స్కేలింగ్ 125 శాతంలో ఉండే ల్యాప్‌టాప్‌లు చాలా ఉన్నాయి, అక్కడ 16 కాస్తా 20 అవుతుంది. అదీ ఉంటే మంచిది.

అసలు పని 16 దగ్గరే. 256లో మిరపకాయ, తరాజు, కొట్టు పేరు అన్నీ ఇముడుతాయి. అదే బొమ్మను 16కు కుదిస్తే ఎర్రటి మరక మిగులుతుంది. పదహారు చుక్కల ఎత్తులో వత్తులున్న తెలుగు అక్షరం చదవగలమనుకోవడం అత్యాశే. అందుకే చిన్న సైజుకు వేరే బొమ్మ గీయాలి: పేజీ 16×16 పిక్సెళ్లు, గ్రిడ్ 1 పిక్సెల్, ఒక్క మిరపకాయ, తొడిమ 2 పిక్సెళ్ల మందం. అంచులు గ్రిడ్ గీతల మీదే పడాలి. రెండు పిక్సెళ్ల నడుమ పడిన అంచు మసకబారుతుంది.

ఒక్కో సైజును పీఎన్‌జీగా ఎక్స్‌పోర్ట్ చేశాక గింప్ అనే ఉచిత బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో 256 తెరవండి. మిగతావి ఫైల్ మెనూలోని ఓపెన్ యాజ్ లేయర్స్‌తో తెచ్చుకోండి. ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో పేరు చివర ఐకో ఎక్స్‌టెన్షన్ ఇస్తే ఒక్కో లేయర్ ఒక్కో సైజవుతుంది. 256 ఎదురుగా మాత్రం కంప్రెస్డ్ టిక్ పెట్టండి, లేకపోతే ఫైలు ఊరికే బరువెక్కుతుంది. లేయర్లను ఫ్లాటెన్ చేస్తే, అంటే ఒకే పొరగా కలిపేస్తే మాత్రం సైజులన్నీ ఒకటైపోయి, పారదర్శకతా పోతుంది. పీఎన్‌జీకి పేరు మార్చి ఐకో అనిపించడం కూడా కుదరదు, లోపలి అమరికే వేరు.

మ్యాక్‌కు ఐసీఎన్‌ఎస్ (.icns) ఫైలు కావాలి, అందులో 1024 వరకు సైజులు ఉంటాయి. లినక్స్‌కు ఎస్‌వీజీ, పీఎన్‌జీ నేరుగా సరిపోతాయి.

షార్ట్‌కట్‌కు పెట్టేటప్పుడు ప్రాపర్టీస్‌లో చేంజ్ ఐకాన్ నొక్కి ఐకో ఫైలు చూపించండి. షార్ట్‌కట్ గుర్తుపెట్టుకునేది ఫైలున్న చోటునే, బొమ్మను కాదు. పెన్‌డ్రైవ్‌లోంచి చూపిస్తే, అది తీసేశాక ఐకాన్ ఏదో ఒకరోజు తెల్లకాగితంలా మారుతుంది. ముందే సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో వేసి, అక్కడినుంచి చూపించండి.