మత నైతికశాస్త్రంలో పీహెచ్‌డీకి అమెరికా వచ్చినవారికి: మొదటి ఏడాది సంగతులు

పనికి అర్థమేమిటన్నది మీ పరిశోధన. అయితే ముందు తెలుసుకోవాల్సింది మీ వీసా దేన్ని పని అంటుందో. ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద సెమిస్టర్ నడిచే రోజుల్లో క్యాంపస్‌లో పని వారానికి 20 గంటలు మించకూడదు. టీచింగ్ అసిస్టెంట్ గంటలు కూడా సాధారణంగా ఆ లెక్కలోకే వస్తాయి కాబట్టి, అవే 20 ఉంటే పైన లైబ్రరీ ఉద్యోగం ఒప్పుకోవద్దు. ఈ శాఖవాళ్లకు మరో చిక్కుంది. గుడికో చర్చికో గురుద్వారాకో ప్రసంగానికి పిలిచి, చివర్లో కవరు చేతిలో పెడతారు. క్యాంపస్ బయట అనుమతి లేకుండా పుచ్చుకున్న ప్రతిఫలం మీ వీసాకే ముప్పు తేగలదు. పిలుపు రాగానే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగండి. ఇల్లు మారినా 10 రోజుల్లోగా వాళ్లకు చెప్పాలి. చదువయ్యాక ఓపీటీ, అంటే చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి, 12 నెలలే. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) శాఖలకిచ్చే 24 నెలల పొడిగింపు మనకు వర్తించదు, ఇంజినీరింగ్ మిత్రుల లెక్కలు చూసి ప్లాన్ వేసుకోకండి.

పన్నుల మాట ఒక్కటే: ఆదాయం లేకపోయినా అమెరికా పన్నుల శాఖకు ఫారం 8843 పంపాలి.

ఇక చదువు. సెమినార్లలో పని గురించిన చర్చ చాలాసార్లు జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్ ప్రొటెస్టెంట్ నీతి గురించి రాసిన 1904–05 వ్యాసాల దగ్గర మొదలవుతుంది. ప్రొటెస్టెంట్ మతమే పెట్టుబడిదారీ వ్యవస్థను పుట్టించిందని ఆయన అన్నట్టు రాస్తే మొదటి పేపరే దెబ్బతింటుంది. అనేక కారణాల్లో ఒకదాన్నే ఆయన పట్టి చూపించారు. కాథలిక్ వైపు 1891 నాటి పోప్ లేఖ రేరుం నోవారుంలో న్యాయమైన వేతనం వాదన ఉంది. 1981 నాటి మరో పోప్ లేఖ లాబోరెమ్ ఎక్సెర్సెన్స్ పనికంటే పనిచేసే మనిషిని ముందు నిలుపుతుంది. ఈ రెండూ మొదటి సెమిస్టర్‌లోనే చదివేయండి.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది పోలికల దగ్గర. ఎవరి స్థితిలో వారుండి పనిచేయడమే దైవసేవ అన్నారు ప్రొటెస్టెంట్ ఉద్యమానికి నాంది పలికిన మార్టిన్ లూథర్. అది వినగానే గీతలోని స్వధర్మం గుర్తొస్తుంది, రెండూ ఒకటేనని రాయాలనిపిస్తుంది. కానీ 18వ అధ్యాయం పనులను వర్ణాలవారీగా పంచుతుంది. కులం శ్రమ విభజన మాత్రమే కాదు, శ్రామికుల విభజన కూడా అని అంబేడ్కర్ 1936లోనే తేల్చి చెప్పారు. ఆ విమర్శను ఎదుర్కోని పేపరు నిలబడదు, నిలబడకూడదు కూడా. ఇంకా లోతైన దారి కావాలంటే 12వ శతాబ్దపు బసవన్న దగ్గరికి వెళ్లండి. ఆయన సంప్రదాయంలో కాయకం దాసోహంతో జతకట్టి ఉంటుంది: నిజాయితీగా శ్రమించాలి, వచ్చినదాన్ని పంచాలి. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో చాకలి మాచయ్య, కుమ్మరి గుండయ్య భక్తుల్లో అగ్రగణ్యులు. ఆ ద్విపదను అనువాదం అవసరం లేకుండా చదవగలగడం మీ చేతిలో ఉన్న పెద్ద బలం. దాన్ని ఇంట్లో మాట్లాడే భాషగా కొట్టిపారేయకండి.

చాలా డిపార్ట్‌మెంట్లు రెండు పరిశోధన భాషల్లో పఠన పరీక్ష పెడతాయి, ఎక్కువగా జర్మన్, ఫ్రెంచ్. తెలుగునో సంస్కృతాన్నో ఒకదాని బదులు లెక్కిస్తారేమో మొదటి నెలలోనే అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. నోటిమాటగా ఒప్పుకున్న గైడ్ సెలవుపై వెళ్తే ఆ ఒప్పందం చూపించడానికి ఏమీ మిగలదు. జర్మన్ మాత్రం వేసవి పఠన కోర్సులో పూర్తిచేయండి, సెమిస్టర్ మధ్యలో కుదరదు.

గురుద్వారాలోని లంగరు (ఉచిత భోజనం) వంటశాలలో సేవ చేసేవాళ్లనో, డెలివరీ కార్మికులనో ఇంటర్వ్యూ చేయాలనుకుంటే ముందు ఐఆర్‌బీ (మనుషులతో చేసే పరిశోధనకు అనుమతిచ్చే యూనివర్సిటీ కమిటీ) వ్యవహారం చూడాలి. మామూలు సంభాషణే కదా, మినహాయింపు ఉంటుందిలే అనుకుంటారు. మినహాయింపు దొరకవచ్చు, కానీ అది మీరు తీసుకునే నిర్ణయం కాదు. అనుమతికి ముందు రికార్డు చేసినదాన్ని థీసిస్‌లో వాడనివ్వకపోవచ్చు. దరఖాస్తులో ప్రశ్నల జాబితా, అంగీకారపత్రం, రికార్డింగులు ఎక్కడ దాస్తారో రాయాలి. వలస పత్రాలు లేని కార్మికులుంటే సంతకానికి బదులు మౌఖిక అంగీకారం కోరండి. ఆ సంతకమే వాళ్లను పట్టించే ఆధారం కావచ్చు.

నవంబరులో జరిగే అమెరికన్ అకాడమీ ఆఫ్ రిలిజియన్ వార్షిక సమావేశానికి మొదటి ఏడాది వినడానికే వెళ్లండి. ప్రయాణ ఖర్చుకు డిపార్ట్‌మెంట్ నిధి ఉందేమో సెప్టెంబరులోనే కనుక్కోండి.