కెన్యాలో ఒక్క తరగతి గది లెక్క బయటికి లాగడం ఎలా

ముందు ఒక పని పట్టుకోండి. ఒకటే. మీ వార్డులో కట్టామని చెప్పుకుంటున్న రెండు తరగతి గదులో, చుక్క నీరు రాని బోరో, బోర్డు తప్ప ఏమీ మిగలని డిస్పెన్సరీయో ఏదో ఒకటి. "కెన్యాలో అవినీతి" అని మొదలుపెడితే గోల్డెన్‌బర్గ్ కుంభకోణం నుంచి ఆంగ్లో లీజింగ్ కుంభకోణం దాకా, అక్కడి నుంచి ఎన్‌వైఎస్ (నేషనల్ యూత్ సర్వీస్) కుంభకోణం దాకా మూడు గంటలు మాట్లాడుకుని, తలా రెండు కప్పుల టీ తాగి, ఎవరింటికి వాళ్లు పోతాం, అంతే. అదే ఒక గది అయితే దానికి పొడవుంది, వెడల్పుంది, ఇన్ని బస్తాల సిమెంటని కాగితం మీద రాసుంది. అబద్ధమాడినవాడు టేపు ముందు నిలబడక తప్పదు.

నేను సివిల్ ఇంజనీరుని, నైరోబీలో కొన్నేళ్లు పనిచేశాను. ఈ పద్ధతి నేను కనిపెట్టిందేమీ కాదు, అక్కడి స్నేహితుల వెనక తిరిగి నేర్చుకున్నది. అక్కడ ఉంటున్న మనవాళ్లు చాలామంది "మనకెందుకు, పరాయి దేశం" అంటారు. కొంతవరకు నిజమే, దాని సంగతి తర్వాత చెప్తాను.

డబ్బు ఎవరిదో తేల్చుకోకుండా అడుగు వెయ్యకండి

నూటికి తొంభైమంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. కెన్యాలో ఒక ఊరి పనికి డబ్బు మూడు దారుల్లో రావచ్చు. ఒకటి నియోజకవర్గ అభివృద్ధి నిధి, మన ఎంపీ ల్యాడ్స్ లాంటిదే కానీ చాలా పెద్దది. 2003లో చట్టం చేసి ప్రభుత్వ ఆదాయంలో కనీసం 2.5 శాతం దీనికివ్వాలన్నారు. ఇప్పుడు 290 నియోజకవర్గాలున్నాయి. రెండోది కౌంటీ ప్రభుత్వం, కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 2010 రాజ్యాంగంతో 47 కౌంటీలు వచ్చాయి, 2013 ఎన్నికల తర్వాత నుంచి నడుస్తున్నాయి. మూడోది నేరుగా కేంద్ర మంత్రిత్వ శాఖ.

ప్రైమరీ స్కూలు గది అయితే కేంద్రం పని, చాలాసార్లు నియోజకవర్గ నిధిలోంచి కడతారు. అదే ఆవరణలో ఉన్న నర్సరీ గది కౌంటీది! ఊరి డిస్పెన్సరీ కౌంటీది, పెద్ద హైవే కేంద్రానిది. తప్పు ఆఫీసుకి ఉత్తరం పెడితే "ఇది మాది కాదు" అన్న జవాబు రావడానికే నెల పడుతుంది, ఆ జవాబు రాసేవాడికి కూడా అది హాయి. పని జరిగిన చోట బోర్డు ఉంటే ఫోటో తీసుకోండి, ఏ నిధి, ఏ ఆర్థిక సంవత్సరం అన్నది దాని మీద రాసుంటుంది. బోర్డు లేకపోతే స్కూల్లో పాత మాస్టారిని అడగండి, శంకుస్థాపనకి ఎవరొచ్చారో ఆయనకి గుర్తుంటుంది.

నియోజకవర్గ నిధి మీద కోర్టుల్లో గొడవలు చాలా జరిగాయి. 2013 నాటి చట్టం చెల్లదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. దాని తర్వాత వచ్చిన 2015 చట్టం కూడా రాజ్యాంగ విరుద్ధమని 2024లో హైకోర్టు తీర్పిచ్చింది. ఆ తీర్పులు చూపించి "ఇప్పుడు ఆ లెక్కలు అడగడానికి లేదు" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఖర్చయిన ప్రతి షిల్లింగుకీ లెక్క ఉండాల్సిందే.

అడగకుండా దొరికేవి ముందు చదవండి

అక్కడి ఆర్థిక సంవత్సరం జూలై 1 నుంచి జూన్ 30 దాకా. అది ముగిసిన ఆరు నెలల్లో ఆడిటర్ జనరల్ రిపోర్టు ఇవ్వాలని రాజ్యాంగమే చెప్తోంది. ఆ రిపోర్టులు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి, కౌంటీలకి వేరు, నియోజకవర్గాలకి వేరు. వందల పేజీలని బెదిరిపోకండి, మీ నియోజకవర్గం పేజీలు తీసి రెండే రెండు రకాల వాక్యాల కోసం వెతకండి. "కాగితాలు ఆడిట్‌కి చూపించలేదు" అన్నది ఒకటి, "పని పూర్తయినా వాడకంలో లేదు" అన్నది రెండోది. ఈ రెండిట్లో ఏది కనిపించినా సగం పని ఆడిటర్ మీకు చేసిపెట్టినట్టే. టెండర్ల సమాచారం బయట పెట్టాలని 2018లో అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది, దానికో ప్రభుత్వ పోర్టల్ ఉంది. అన్నీ అందులో ఉంటాయని మాత్రం అనుకోకండి. కాంట్రాక్టరు పేరు, మొత్తం దొరికితే అదే లాభం.

ఇక ఉత్తరం

మన స.హ. చట్టం లాంటిది కెన్యాలో 2016లో వచ్చింది. దాని మూలం రాజ్యాంగం 35వ అధికరణంలో ఉంది. మనకి పది రూపాయల ఫీజు, అక్కడ దరఖాస్తుకి ఫీజే లేదు, జిరాక్సు ఖర్చు మాత్రం అడగొచ్చు. మనకి 30 రోజులు, వాళ్లకి 21. ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిందైతే 48 గంటలు. కాగితాలు మరీ ఎక్కువైతే వాళ్లు ఇంకో 14 రోజులు తీసుకోవచ్చు, అదీ ఒక్కసారే. ఎందుకు అడుగుతున్నారో మీరు చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో గానీ స్వాహిలిలో గానీ రాయాలి, రాయలేనివాళ్లు నోటితో చెప్తే అధికారి రాసుకోవాలి.

ఇక్కడే "మనకెందుకు" అన్నవాళ్ల మాట కొంత నిజం. ఈ హక్కు కెన్యా పౌరులకి, పౌరుల చేతిలో ఉన్న సంస్థలకి మాత్రమే. పౌరసత్వం తీసుకోనివాళ్లు సంతకం పెట్టలేరు. పెట్టొద్దు కూడా, దరఖాస్తు పక్కన పడెయ్యడానికి అధికారులకి అదొక్క సాకు చాలు. సంతకం ఆ ఊరివాళ్లది ఉండాలి. మనం చెయ్యగలిగింది వెనకాల ఉండి కాగితాలు చదవడం, కొలతలు సరిచూడడం, గడువులు గుర్తుపెట్టుకోవడం. ఇది చిన్న పనేం కాదు.

ఉత్తరంలో "అవినీతి", "దోపిడీ" అన్న మాటలు రాకూడదు. ఒక్కటి కూడా. కోపం ఉంటే నాకు ఫోన్ చేసి తిట్టుకోండి, కాగితం మీద వద్దు. ఫలానా స్కూల్లో ఫలానా సంవత్సరం కట్టిన రెండు గదులకి సంబంధించి ఈ కాగితాల నకళ్లు కావాలని మాత్రం రాయండి: బిల్ ఆఫ్ క్వాంటిటీస్, అంటే ఏ సామాను ఎంత, ఏ రేటుకి అన్న పట్టిక, టెండరు ఎవరికి ఎంతకి ఇచ్చారన్న కాగితం, డబ్బు చెల్లించిన వోచర్లు, పని పూర్తయిందని ఎవరు ఎప్పుడు సంతకం పెట్టారన్న సర్టిఫికెట్. ఈ నాలుగూ పక్కపక్కన పెడితే చాలా కథలు వాటంతట అవే బయటపడతాయి, ఉదాహరణకి కాంక్రీటు పోయకముందే పూర్తయిపోయిన గది!

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు తేదీతో స్టాంపు వేయించుకోండి. కెన్యా ఆఫీసుల్లో స్టాంపుకున్న గౌరవం మనిషికి లేదు, ఆ గౌరవాన్ని మనమూ వాడుకోవాలి. స్టాంపు వెయ్యనంటే ఈమెయిల్‌లో కూడా పంపండి. జవాబు తిరస్కరణ అయినా, గడువు దాటి మౌనంగా ఉన్నా, కమిషన్ ఆన్ అడ్మినిస్ట్రేటివ్ జస్టిస్‌కి వెళ్లొచ్చు, అందరూ దాన్ని అంబుడ్స్‌మన్ ఆఫీసంటారు. తిరస్కరణ అందాక దానికి గడువు 30 రోజులు.

టేపు పట్టుకుని వెళ్లండి

నాకు బాగా నచ్చే భాగం ఇదే. కాగితాలు రాగానే ఊళ్లోవాళ్లతో కలిసి పని దగ్గరికి వెళ్లండి, వాళ్లలో ఒక ఫుండి ఉండాలి. ఫుండి అంటే మేస్త్రీ, ఇంజనీరు కన్నా వాడే నయం. గోడ తట్టి ఇసుక ఎక్కువ కలిపారో లేదో చెప్పేస్తాడు. పొడవు వెడల్పు కొలవండి, కిటికీలు, తలుపులు లెక్కపెట్టండి. పైకప్పు రేకుల్ని అక్కడ మబాటి అంటారు, వాటి గేజు చూడండి. పట్టికలో 28 గేజు రాసి 30 గేజు వేశారంటే పల్చటి రేకు వేశారన్నమాట, ఎందుకంటే నంబరు పెరిగేకొద్దీ రేకు పల్చనవుతుంది. కమిటీవాళ్లు చాలాసార్లు ఈ తిరకాసు దగ్గరే మోసపోతారు, పెద్ద నంబరు మంచిదేమో అనుకుని సంతకం పెట్టేస్తారు. పాత గదికి కొత్త రంగు వేసి కొత్త గదిగా లెక్క రాశారేమో చూడాలంటే పునాది, గచ్చు చూడండి. రంగు మార్చగలరు గానీ అరిగిపోయిన గచ్చు చెప్పేస్తుంది.

రోడ్డు అయితే అక్కడ ముర్రం రోడ్డంటారు. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది, మన మొరమే, ఓడెక్కి అక్కడిదాకా పోయినట్టుంది. కాగితం మీద ఎంత మందం మొరం ఉందో చూసి నాలుగైదు చోట్ల చిన్న గుంట తవ్వి కొలవండి, ఊరి పెద్దలకి చెప్పి, పట్టపగలు. ప్రతి కొలతా ఫోటోలో టేపుతో సహా కనిపించాలి.

అందరి ముందూ చదవడం

దొరికిన తేడాల్ని వాట్సాప్‌లో పెట్టి ఊరుకుంటే రెండు రోజులు గోల, మూడో రోజు పెళ్లి ఫోటోలు. బరాజా పెట్టించండి, అంటే బహిరంగ సభ. ఈ విషయంలో మనకీ కెన్యాకీ నిజమైన చుట్టరికం ఉంది. 2007లో మొంబాసాలో ముహురి అనే మానవ హక్కుల సంస్థ చాంగామ్వే నియోజకవర్గ నిధుల మీద సామాజిక తనిఖీ చేసినప్పుడు, నేర్పడానికి వెళ్లినవాళ్లలో రాజస్థాన్ ఎంకేఎస్ఎస్ (మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్) తరఫున సౌమ్య కిడాంబి ఉన్నారు. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీకి హైదరాబాదులో పెట్టిన సొసైటీకి ఆవిడే తర్వాత డైరెక్టరు. మన మండలాల్లో మస్టర్ రోల్స్, అంటే హాజరు పట్టీలు, పట్టుకుని ప్రజావేదికలో పేర్లు చదివే పద్ధతీ, మొంబాసాలో డప్పులు కొట్టి జనాన్ని పిలిచి "ట్వటకా పెసా జెటు", అంటే మా డబ్బు మాకు కావాలి, అని అడిగిన పద్ధతీ ఒక తల్లి పిల్లలే.

సభకి అధికారుల్ని, కాంట్రాక్టర్ని, ఎంపీ మనుషుల్ని రాతపూర్వకంగా పిలవండి. తేడాలు ముందే వాళ్లకి పంపండి, జవాబు చెప్పుకునే అవకాశం ఇవ్వండి. కొన్నిసార్లు నిజంగానే కారణం ఉంటుంది, ధరలు పెరిగి గది చిన్నదైందని మార్చిన కాగితం చూపిస్తారు. అది చూడకుండా దొంగ అని అరిస్తే మీ మిగతా తొమ్మిది నిజాలూ పోతాయి. సభలో కాగితంలో ఉన్నది చదవండి, కొలిచింది చదవండి, కూర్చోండి. మాట్లాడాల్సింది ఊరివాళ్లు.

మిమ్మల్నే అడిగితే

లంచాన్ని అక్కడ "చాయ్" అంటారు, లేదా "కిటు కిడోగో", చిన్నదేదో అని. మన ఆమ్యామ్యా. కేంద్ర ప్రభుత్వ ఫీజులు ఇప్పుడు ఈసిటిజన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్ ద్వారా 222222 అనే పేబిల్ (ఫోన్లో డబ్బు కట్టే ఖాతా) నంబరుకే కట్టాలి. "సిస్టం డౌన్, నా నంబరుకి ఎంపెసా చెయ్యండి", అంటే ఫోన్లో డబ్బు పంపండి, అన్నారంటే అది ఫీజు కాదు. ఒక ఆఫీసులో నన్ను ఇలాగే అడిగితే, "సరే, మీ పేరు మీద రసీదు రాసివ్వండి" అన్నాను. వాడు నవ్వి, ఫైలు మూడు వారాలు ఆపాడు. నేను ఆగాను. ఆగగలిగాను కాబట్టి ఆగాను, ఆస్పత్రి మంచం కోసం నిలబడ్డవాణ్ణి ఆగమని నేను చెప్పలేను.

2016 లంచాల చట్టం ప్రకారం ఇచ్చినవాడిదీ తప్పే, పదేళ్ల దాకా జైలు లేదా 50 లక్షల షిల్లింగుల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. ఇంకోటి, మన మేనేజర్లకి ముఖ్యంగా: అధికార హోదాలో ఉన్న మనిషికి లంచం సంగతి తెలిసినా, అనుమానం వచ్చినా 24 గంటల్లో ఫిర్యాదు చెయ్యాలి, అది ప్రైవేటు కంపెనీ అయినా సరే. ఫిర్యాదు ఈఏసీసీకి, అంటే అవినీతి నిరోధక కమిషన్‌కి, చెయ్యాలి, టోల్ ఫ్రీ 1551, పేరు చెప్పకుండా పంపే వెబ్ పేజీ కూడా ఉంది. అయితే ఈఏసీసీ దర్యాప్తు మాత్రమే చేస్తుంది, కేసు నడిపేది పబ్లిక్ ప్రాసిక్యూషన్స్ డైరెక్టరు. అందుకే ఏళ్లు పడుతుంది, రెండు ఆఫీసుల మధ్య ఫైలు బంతాట ఆడుతుంది. ఫిర్యాదు నంబరు రాసుకోండి.

భయం సంగతి

భయపడండి, తప్పులేదు. గోల్డెన్‌బర్గ్ కాగితాలు బయటపెట్టింది డేవిడ్ మున్యాకీ, సెంట్రల్ బ్యాంకులో చిన్న గుమాస్తా. అరెస్టు చేశారు, ఉద్యోగం పోయింది, 2006లో పేదరికంలోనే చనిపోయాడు. అవినీతి మీద నిఘాకి అధ్యక్షుడే పెట్టుకున్న జాన్ గితోంగో కూడా 2005లో లండన్ నుంచి రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. ఫిర్యాదుదారుల్ని వేధిస్తే శిక్ష అని లంచాల చట్టంలో ఉంది, కానీ చట్టం రాత్రిపూట మీ ఇంటి గేటు దగ్గర కాపలా ఉండదు. కాబట్టి ఒక్కరి సంతకంతో ఉత్తరం పెట్టొద్దు, చర్చి కమిటీయో, తల్లిదండ్రుల సంఘమో, పదిమంది పేర్లుండాలి. కాగితాల స్కాన్లు వేర్వేరు ఊళ్లలో ముగ్గురి దగ్గర ఉంచండి. కొలతలకి ఒంటరిగా వెళ్లొద్దు. ఎవరైనా "కలిసి మాట్లాడుకుందాం రండి" అని పిలిస్తే జనం ఉన్న చోటుకే వెళ్లండి, ఇంకొకరిని వెంట తీసుకుని.

ఉత్తరం ఇచ్చిన రోజునే ఫోన్లో 22వ రోజుకి అలారం పెట్టుకోండి. మా జట్టులో ఆ పని నాదే. ఒకసారి తిరస్కరణ వచ్చాక సెలవులకని ఇండియా వచ్చి మర్చిపోయాను, 30 రోజులూ దాటిపోయాయి, మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు రాయాల్సి వచ్చింది. సంతకం పెట్టిన మామా (అక్కడ పెద్దావిడని అలా పిలుస్తారు), రిటైర్డ్ టీచరు, ఏమీ అనలేదు. రెండో ఉత్తరం తీసుకెళ్లేటప్పుడు మాత్రం నా చేతిలో గోడకి కొట్టుకునే క్యాలెండర్ ఒకటి పెట్టింది.